కిటికీలో కుందేటికొమ్ము

మొదటిదాన్ని నేనే చంపాను.
ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

ఒంగోల్లో, కొత్తపట్నం బస్టాండు వెనక సందులో
మేడ మీద ఒంటి గది.
కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇల్లు
పుట్టిన ఇరవయ్యారేళ్లకి దొరికింది నాకు.
కనిగిరి కొండ నుంచి తెచ్చుకున్న జానెడు కాడకి
పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు.
ఆకుల్లేని నాలుగు పలకల ఒళ్లు
ముందు నిగనిగలాడింది, తర్వాత ఉబ్బింది,
ఒక ఆదివారం తాకితే
వేలు లోపలికి దిగింది
మగ్గిన అరటిపండులోకి దిగినట్టు.

ఊరెళ్లినప్పుడు చినబాలమ్మవ్వకి చెప్పాను.
మేకల్ని అదిలిస్తా, వెనక్కి తిరక్కుండానే అంది:
"దానికి నీళ్లు బోసేవోళ్లు యాడన్నా ఉండారంటే?
వాన మర్చిపోయిన గుట్ట మీద బతికేది అది.
దప్పికైతే మేమే దాన్ని నమిలేది."
రాళ్ల సందులో వంగి ఇంకో కొమ్ము తుంచింది.
ఒక ముక్క తన దవడలోకి,
ఒక ముక్క నా చున్నీ కొసలోకి.
"దెబ్బ ఆరనియ్. పచ్చి పుండు మీద మట్టెయ్యబాక."

ఎనిమిది రోజులు పాత పేపరు మీద పడుకోబెట్టాను.
తెగిన చోట పొర కట్టింది,
చిన్నప్పటి మోకాలి దెబ్బ మీద పొక్కులా.
గిల్లాలని వేళ్లు లాగేవి.
చేతులు కట్టుకుని కూచునేదాన్ని.

గుండ్లకమ్మ ఇసక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు,
మేకుతో అడుగున ఐదు బెజ్జాలు కొట్టిన పాలడబ్బా.
పైన పరవడానికి నల్ల గ్రానైటు ముక్కలు
మా అటెండరు మాలకొండయ్య తెచ్చాడు
చీమకుర్తి పాలిషింగు ఫ్యాక్టరీ చెత్తలోంచి ఏరి.
"వీటి అన్నదమ్ములు ఓడెక్కి పోయారు మేడమ్,
అంచు విరిగి ఇవి ఆగిపోయినయి."

నా ఉద్యోగం కూడా నీళ్లే.
ఊళ్లనుంచి సీసాలొస్తాయి, మెడకి చీటీలతో.
ఫ్లోరైడు ఒకటిన్నర దాటితే ఎర్ర పెన్ను.
మా ఊరి చీటీ వచ్చిన రోజు
పెన్ను మూత తొందరగా ఊడిరాదు.
నా ముందు పళ్ల మీద గోధుమరంగు గీతలు
ఆ నీళ్లు రాసినవే.
ఫొటోల్లో పెదాలు మూసి నవ్వుతాను.

సాయంత్రం గదికొచ్చి
డబ్బాలో చీపురుపుల్ల గుచ్చి తీస్తాను.
పుల్లకి తడి అంటితే
గ్లాసులో నీళ్లు నేనే తాగేస్తాను.

మే నెల పడమటెండకి కొమ్ములు ఎర్రగా కమిలితే
కిటికీ చువ్వలకి తడి తువ్వాలు కట్టాను.
కణుపుల్లో పిండినల్లి చేరితే
పాత టూత్‌బ్రష్షు, సబ్బునురగ, రెండు గంటలు.
నా పళ్ల దగ్గర ఓడిపోయిన బ్రష్షు
అక్కడ గెలిచింది.

రెండో ఏడు, భాద్రపదం ముసురులో
ఇంటావిడ హజరత్తమ్మ మెట్లెక్కి వచ్చింది,
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.
"ఎలక చచ్చిందమ్మాయ్ నీ గదిలో."
మంచం కింద, బియ్యం డబ్బా వెనక,
గ్యాసుబండ సందులో
ఇద్దరం టార్చి వేసి వెతికాం.
చివరికి ఈగే చూపించింది.
కొమ్ము కొసన, నిమ్మకాయంత గుత్తి,
వక్కపొడి రంగు చుక్కలు, ఒక్కోటి ఐదు రేకలు.

హజరత్తమ్మ వంగి చూసింది, వాసన చూసింది, దగ్గింది.
"తల్లో పెట్టుకోను కాదు, దేవుడికి పెట్టను కాదు.
ఎవరి కోసమే ఇది?"
ఈగ జవాబుగా ఇంకో చుట్టు తిరిగింది.
మేం నవ్వాం. నేనెట్లా నవ్వానో
ఆమె ఫోన్లో ఉంది, చెరిపెయ్యమని అడగలేదు.

తర్వాత కాయలొచ్చాయి, సన్నగా, జంటగా,
నిక్కబొడుచుకున్న రెండు కొమ్ములు.
లోకంలో లేనిదాన్ని కుందేటికొమ్ము అంటారని
బళ్లో చెప్పారు.
రెండున్నాయి, రమ్మంటే చూపిస్తాను.

ఆఫీసు నుంచి ఒక ఖాళీ చీటీ తెచ్చి డబ్బాకి కట్టాను.
ఊరు: కనిగిరి.
సేకరించినది: చినబాలమ్మ.
నీళ్లు:
ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.
పుల్ల తీసి చూశాను.
ఇంకా తడే.